ఇద్దరి మధ్యే ఉండే చాట్: సిగ్నల్ యాప్‌ను రెండు ఫోన్లలోనూ సరిగ్గా అమర్చుకోవడం ఎలా?

పోయినేడు తెనాలిలో బంధువుల పెళ్లి. భోజనాల దగ్గర నా ఫోన్ విస్తరి పక్కన పెట్టుకుని కూర్చున్నాను. డల్లాస్ నుంచి అక్క మెసేజ్ పెట్టింది: "నాన్న బయాప్సీ రిపోర్ట్ చూశా. ఆయనకి అప్పుడే చెప్పకురా." లాక్ వేసిన ఫోనే, కానీ ఆ రెండు ముక్కలూ స్క్రీన్ మీద ధగధగా వెలిగాయి. పక్కనున్న పిన్ని కళ్లజోడు లేకుండానే చదివేసింది. పెరుగన్నం వడ్డించే వేళకి పంక్తిలో సగం మందికి తెలిసిపోయింది. సాయంత్రం ఎవరో నేరుగా నాన్నకే ఫోన్ చేసి పరామర్శించారు.

అప్పటికే మేం వాడుతున్నది ఎన్‌క్రిప్షన్ (మధ్యలో ఎవరూ చదవలేకుండా మెసేజ్‌ని గుప్తలిపిగా మార్చే పద్ధతి) ఉన్న యాపే. డల్లాస్ నుంచి తెనాలి దాకా ఆ మెసేజ్‌ని దారిలో ఎవరూ చదవలేదు. చదివింది పిన్ని. ఇద్దరి మధ్య చాట్ బయటపడిందంటే చాలాసార్లు కథ ఇదే. దారి గట్టిగానే ఉంటుంది, కారేది రెండు చివర్లలోనే. అందుకే ఇందులో యాప్ వేసుకోవడం గురించి తక్కువ, వేసుకున్నాక ఆ రెండు చివర్లనూ ఎలా మూయాలో ఎక్కువ రాశాను. అన్నట్టు, గడ్డ మామూలుదేనని తర్వాత తేలింది. నాన్న బాగానే ఉన్నారు.

ముందు యాప్ సంగతి

నేను ఎంచుకున్నది సిగ్నల్. ఇది లాభాపేక్ష లేని ఫౌండేషన్ నడిపే యాప్. 2018లో వాట్సాప్ సహ వ్యవస్థాపకుడు బ్రయాన్ ఆక్టన్ ఇచ్చిన 5 కోట్ల డాలర్లతో ఆ ఫౌండేషన్ మొదలైంది. ప్రకటనలు ఉండవు. దీని కోడ్ ఎవరైనా చూడొచ్చు.

"వాట్సాప్‌లోనూ ఎన్‌క్రిప్షన్ ఉంది కదా?" అని అక్క అడిగింది. ఉంది. 2016 నుంచి వాట్సాప్ వాడుతున్నది సిగ్నల్ వాళ్లు తయారుచేసిన ఎన్‌క్రిప్షన్ పద్ధతే. తేడా మిగతా చోట్ల వస్తుంది. ఎవరు ఎవరితో ఎప్పుడు మాట్లాడారన్న వివరాలను సిగ్నల్ తన దగ్గర దాదాపు ఉంచుకోదు. 2016లో అమెరికాలోని వర్జీనియా గ్రాండ్ జ్యూరీ (నేరారోపణలు పరిశీలించే పౌరుల బృందం) ఖాతా వివరాలు అడిగితే సిగ్నల్ వాళ్లు ఇవ్వగలిగినవి రెండే: ఖాతా ఎప్పుడు తెరిచారు, చివరిసారి ఎప్పుడు కనెక్ట్ అయ్యారు. వాట్సాప్‌లో ఇంకో ఇబ్బంది బ్యాకప్. క్లౌడ్‌కు వెళ్లే బ్యాకప్‌కి ఎన్‌క్రిప్షన్ కావాలంటే సెట్టింగ్స్‌లోకి వెళ్లి మనమే ఆన్ చేసుకోవాలి. చాలామంది చేయరు.

టెలిగ్రామ్ గురించి ఒక్క మాట. అందులో మామూలు చాట్‌కి రెండు చివర్ల మధ్య ఎన్‌క్రిప్షన్ ఉండదు. విడిగా 'సీక్రెట్ చాట్' మొదలుపెడితేనే ఉంటుంది. ఇది తెలియక టెలిగ్రామ్‌లో ఉన్నదంతా రహస్యమే అనుకునేవాళ్లు నాకు రోజూ తగులుతుంటారు.

మీ అవతలి మనిషి వాట్సాప్ తప్ప ఇంకేదీ తెరవరని మీకు ఖాయంగా తెలిస్తే, బలవంతంగా సిగ్నల్ వేయించొద్దు. వాట్సాప్‌లోనే బ్యాకప్ ఎన్‌క్రిప్షన్ ఆన్ చేసి, కింద చెప్పిన నోటిఫికేషన్, కీబోర్డ్ జాగ్రత్తలు పాటించండి. వాడని యాప్ ఎంత భద్రమైనదైతే ఏం లాభం?

మొదటి అడుగు: ఏ నంబరుతో నమోదు చేయాలి?

ప్లే స్టోర్ లేదా యాప్ స్టోర్ నుంచే దించుకోండి. ఎవరో పంపిన లింక్ నుంచి వద్దు. తెరవగానే ఫోన్ నంబర్ అడుగుతుంది, ఎస్సెమ్మెస్‌లో ఓటీపీ వస్తుంది. రాకపోతే కాసేపటికి కాల్ చేసి చెప్పమనే ఆప్షన్ కనబడుతుంది.

ఇక్కడ తొందరపడొద్దు. మీరు పదికాలాల పాటు ఉంచుకునే నంబరే ఇవ్వండి. మన దేశంలో ప్రీపెయిడ్ సిమ్‌ని 90 రోజులు అసలు వాడకపోతే కంపెనీ దాన్ని ఆపేయవచ్చు. తర్వాత కొంతకాలానికి ఆ నంబరు ఇంకెవరికో వెళ్తుంది. విదేశాల్లో ఉన్న మనవాళ్లలో చాలామంది అమీర్‌పేటలోనో బెజవాడలోనో తీసుకున్న పాత సిమ్ నంబరుతోనే ఇప్పటికీ చాట్ యాప్‌లు నడిపిస్తుంటారు. ఆ సిమ్ ఏ డ్రాయర్లో ఉందో వాళ్లకే గుర్తుండదు. పైగా 2025 నవంబరు చివర్లో టెలికాం శాఖ, నమోదు చేసిన సిమ్ ఫోన్లో ఉంటేనే పనిచేసేలా మారాలని వాట్సాప్, టెలిగ్రామ్, సిగ్నల్ లాంటి యాప్‌లను ఆదేశించింది. అందుకే అక్కని అక్కడి నంబరుతోనే నమోదు చేయమన్నాను.

తర్వాత పేరు అడుగుతుంది. ముద్దుపేరైనా సరే, ఇంటిపేరు ఇవ్వనక్కర్లేదు, ఫొటో అవసరం లేదు. కాంటాక్ట్స్ చూడనివ్వమని అడిగితే వద్దనొచ్చు. ఒక్క మనిషితో మాట్లాడటానికి ఫోన్‌బుక్ మొత్తం ఎందుకు?

పిన్ దగ్గర మాత్రం కాస్త ఆగండి

నమోదులోనే సిగ్నల్ ఒక పిన్ పెట్టుకోమంటుంది. కనీసం నాలుగంకెలు ఉండాలి. అక్షరాలూ కలపొచ్చు. పుట్టినరోజు, బండి నంబరు పెట్టకండి, ఇంట్లో అందరికీ తెలిసినవే అవి.

ఈ పిన్ గురించి ఒక అపోహ ఉంది. ఫోన్ పోతే పిన్ కొట్టగానే పాత మెసేజ్‌లన్నీ తిరిగొస్తాయనుకుంటారు. రావు. పిన్‌తో వచ్చేవి మీ ప్రొఫైల్, సెట్టింగ్స్, కాంటాక్టులే. మెసేజ్‌లకి వేరే ఏర్పాటు ఉంది, చివర్లో చెబుతాను.

పిన్‌తో అసలు ఉపయోగం రిజిస్ట్రేషన్ లాక్. సెట్టింగ్స్, అకౌంట్, అక్కడ రిజిస్ట్రేషన్ లాక్ ఆన్ చేయండి. అప్పుడు ఎవరైనా మీ పేరున డూప్లికేట్ సిమ్ తీయించి ఓటీపీ రాబట్టినా, పిన్ తెలియకపోతే మీ ఖాతా చేజిక్కదు. మీ వైపు సిగ్నల్ ఏడు రోజులు పూర్తిగా మూలనపడి ఉంటే మాత్రం ఈ లాక్ వీడిపోతుంది. అంటే అది మీరు యాప్ వాడుతున్నంత కాలమే కాపలా కాస్తుంది. పిన్ మర్చిపోకుండా యాప్ అప్పుడప్పుడూ అడుగుతుంటుంది. విసుక్కుని దాన్ని ఆపేయకండి.

రెండో అడుగు: నంబరు దాచి, యూజర్‌నేమ్ ఇవ్వడం

2024 ఫిబ్రవరి దాకా సిగ్నల్‌లో ఎవరితోనైనా మాట్లాడాలంటే నంబరు ఇవ్వాల్సిందే. ఇప్పుడు ఆ అవసరం లేదు. సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో ఫోన్ నంబర్ అని ఉంటుంది. రెండు ప్రశ్నలు కనబడతాయి. నా నంబరు ఎవరికి కనబడాలి? నంబరును బట్టి నన్ను ఎవరు కనిపెట్టొచ్చు? రెండింటికీ 'నోబడీ' పెట్టండి. మొదటిదానికి పెడితేగానీ రెండోదానికి పెట్టనివ్వదు.

రెండోది ఎందుకంటే, మీ నంబరు తమ ఫోన్లో ఉన్న బంధుమిత్రులకి మీరు సిగ్నల్‌లో చేరారని తెలియకుండా ఉండటానికి. యాప్ వేసిన పది నిమిషాలకే మా బాబాయ్ కొడుకు "ఏంటన్నయ్యా, సిగ్నల్‌లోకి వచ్చావ్, ఏంటి సంగతి?" అని మెసేజ్ పెట్టాడు. నేను ఈ సెట్టింగ్ మార్చడం ఆలస్యం చేశాను. మీరు నమోదు కాగానే మార్చేయండి.

తర్వాత మీ ప్రొఫైల్‌లోకి వెళ్లి యూజర్‌నేమ్ పెట్టుకోండి. చివర చుక్క, కనీసం రెండంకెలు ఉంటాయి. పేరులో సగం కొట్టి వెతికితే మీరు దొరకరు, మొత్తం సరిగ్గా తెలిసినవాళ్లకే దొరుకుతారు. దాని లింక్ గానీ క్యూఆర్ కోడ్ గానీ అవతలి వాళ్లకి పంపండి. వాళ్లు మొదటి మెసేజ్ పెట్టగానే మీకు రిక్వెస్ట్ వస్తుంది. అంగీకరిస్తే చాట్ మొదలు. పని అయ్యాక యూజర్‌నేమ్ మార్చేసుకున్నా, తీసేసినా ఇప్పటికే ఉన్న చాట్‌కి ఇబ్బంది లేదు.

మూడో అడుగు: అవతల ఉన్నది అక్కేనా?

అందరూ దాటేసేది ఇదే. ఎన్‌క్రిప్షన్ అంటే మీ మాట అవతలి ఫోన్ దాకా భద్రంగా చేరుతుందని. ఆ అవతలి ఫోన్ ఎవరిదో అది చెప్పదు. 2025 మార్చిలో అమెరికా జాతీయ భద్రతా సలహాదారు మైక్ వాల్ట్జ్, యెమెన్ దాడుల గురించి మాట్లాడుకునే సిగ్నల్ గ్రూపులోకి పొరపాటున ఒక పత్రికా సంపాదకుణ్ణి చేర్చేశాడు. అక్కడ ఎన్‌క్రిప్షన్‌ని ఎవరూ ఛేదించలేదు. మనిషి మారాడంతే.

చాట్‌లో పైన పేరు నొక్కి 'వ్యూ సేఫ్టీ నంబర్' తెరవండి. 60 అంకెలు, అయిదేసి చొప్పున 12 గుంపులు కనబడతాయి. కొన్ని మెసేజ్‌లు అటూ ఇటూ నడిచాకే ఇది కనబడుతుంది. ఇద్దరి ఫోన్లలోనూ ఒకే సంఖ్య ఉండాలి. ఒకే గదిలో ఉంటే ఒకరి కోడ్‌ని ఇంకొకరు స్కాన్ చేస్తే సరిపోతుంది. దూరంగా ఉంటే ముఖం చూస్తూ, గొంతు వింటూ చదువుకోవాలి. ఆ వీడియో కాల్ సిగ్నల్‌లో కాకుండా వేరే యాప్‌లో చేయండి. అనుమానం ఉన్న దారినే సాక్షిగా పెట్టుకోకూడదు కదా.

మేం ఆదివారం పొద్దున, అక్కకి శనివారం రాత్రి, కూర్చున్నాం. "త్రీ సెవెన్ నాట్ టూ వన్..." తెలుగువాళ్లు ఎంత తెలుగు మాట్లాడినా నంబర్లు మాత్రం ఇంగ్లిష్‌లోనే చదువుతారు, అదేం విచిత్రమో. రెండు నిమిషాలు పట్టింది. సరిపోయాక 'మార్క్ యాజ్ వెరిఫైడ్' నొక్కండి. అవతలి వాళ్లు ఫోన్ మార్చినా, యాప్ తీసేసి మళ్లీ వేసినా సేఫ్టీ నంబర్ మారిందని చాట్‌లో సూచన వస్తుంది. వస్తే గాబరా వద్దు. "ఫోన్ మార్చావా?" అని మామూలు కాల్ చేసి అడగండి. అడిగేదాకా ముఖ్యమైనదేదీ పంపొద్దు.

పిన్ని కంటపడకుండా: స్క్రీన్, కీబోర్డ్, గ్యాలరీ

సిగ్నల్ సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్స్ తెరవండి. ఏం చూపించాలని అడుగుతుంది: పేరూ మెసేజూ, పేరు మాత్రమే, లేదా ఏదీ కాదు. నేను మూడోది పెట్టాను. మెసేజ్ వచ్చిందని మాత్రం తెలుస్తుంది. చేతికి పెట్టుకునే స్మార్ట్ వాచీ ఉంటే దాన్నీ పరీక్షించండి. ఫోన్లో మూసినది మణికట్టు మీద వెలిగితే అంతా వృథా.

ప్రైవసీలో స్క్రీన్ లాక్ ఆన్ చేస్తే, సిగ్నల్ తెరవడానికి మళ్లీ వేలిముద్రో ముఖమో అడుగుతుంది. "ఫొటోలు చూస్తా, ఫోన్ ఇలా ఇవ్వు" అనే సంస్కృతి మనది. ఇవ్వనంటే అపార్థం చేసుకుంటారు. ఈ లాక్ ఉంటే నిశ్చింతగా ఇవ్వొచ్చు. పక్కనే స్క్రీన్ సెక్యూరిటీ ఉంటుంది, అదీ ఆన్ చేస్తే యాప్‌లు మార్చేటప్పుడు చాట్ కనబడదు.

ఇప్పుడు తెలుగులో టైప్ చేసేవాళ్లు ప్రత్యేకంగా చూసుకోవాల్సింది ఒకటుంది. మనం కొట్టే అక్షరం ముందు కీబోర్డ్‌కి తెలుస్తుంది, ఆ తర్వాతే సిగ్నల్‌కి. ఎన్‌క్రిప్షన్ మొదలయ్యేది సెండ్ నొక్కాక. ఇంగ్లిష్ అక్షరాలతో కొడితే తెలుగుగా మార్చే కీబోర్డులు ఎన్నో ఉన్నాయి. వాటిలో కొన్ని అడగని అనుమతులు అంటూ ఉండవు. ఊరూ పేరూ లేని కీబోర్డ్ వాడుతుంటే మానేసి, ఫోన్‌తో వచ్చినదాన్నో, పేరున్న సంస్థదాన్నో పెట్టుకోండి. ఆండ్రాయిడ్‌లో సిగ్నల్ ప్రైవసీ సెట్టింగ్స్‌లో 'ఇన్‌కాగ్నిటో కీబోర్డ్' అని ఉంది. మనం కొట్టే మాటలు నేర్చుకోవద్దని అది కీబోర్డ్‌ని అడుగుతుంది. అడుగుతుంది అంతే, వినేదీ విననిదీ ఆ కీబోర్డ్ ఇష్టం. ఐఫోన్‌లో బయటి కీబోర్డ్‌కి 'అలౌ ఫుల్ యాక్సెస్' ఇవ్వకండి. మైకు నొక్కి తెలుగులో చెప్పి రాయించేటప్పుడు, చాలా ఫోన్లలో ఆ గొంతు మాటలుగా మారడానికి సర్వర్‌కి వెళ్తుంది. రిపోర్ట్ వివరాలూ, డబ్బు లెక్కలూ అలా చెప్పొద్దు. సిగ్నల్‌లోనే వాయిస్ మెసేజ్ పంపితే అది ఎన్‌క్రిప్ట్ అయ్యే వెళ్తుంది. అమ్మానాన్నలకి టైపింగ్ కన్నా అదే సులువు కూడా.

ఇక ఫొటోలు. వచ్చిన ఫొటోని సిగ్నల్ తనంతట తాను గ్యాలరీలో వేయదు. మీరు 'సేవ్' నొక్కితే మాత్రం అది గ్యాలరీకి, అక్కడినుంచి ఆటోమేటిక్‌గా క్లౌడ్‌కి, అక్కడినుంచి హాల్లో టీవీ మీద తిరిగే స్లైడ్‌షోలోకి కూడా వెళ్లగలదు. పాస్‌పోర్ట్ కాపీలాంటివి చూసి వదిలేసేవైతే, పంపేవాళ్లు 'వ్యూ వన్స్' గుర్తు నొక్కి పంపితే ఒకసారి చూడగానే పోతాయి.

కనుమరుగయ్యే మెసేజ్‌లు

చాట్‌లో పేరు నొక్కితే 'డిసప్పియరింగ్ మెసేజెస్' ఉంటుంది. కొన్ని సెకన్ల నుంచి 4 వారాల దాకా ఏ గడువైనా పెట్టొచ్చు. పంపినవాళ్ల దగ్గర పంపినప్పటి నుంచీ, అందుకున్నవాళ్ల దగ్గర చూసినప్పటి నుంచీ గడువు లెక్క మొదలవుతుంది. ఇద్దరిలో ఎవరైనా మార్చొచ్చు, మార్చినట్టు చాట్‌లో పడుతుంది.

మొదట్లో ఉత్సాహం కొద్దీ ఒక రోజు పెట్టాను. డాక్టర్ చెప్పిన మందుల పేర్లు మర్నాటికి మాయమయ్యాయి. అక్క తిట్టిపోసింది. ఇప్పుడు 4 వారాలు ఉంచాం. కావాల్సినవి విడిగా కాగితం మీద రాసుకుంటున్నాం. ఇది స్క్రీన్‌ని ఇంకో ఫోన్‌తో ఫొటో తీసేవాళ్లని ఆపలేదు. అవతలి మనిషి మీద నమ్మకం లేకపోతే ఏ టైమరూ పనికిరాదు. రెండేళ్ల తర్వాత ఆ ఫోన్ ఎవరి చేతిలో పడినా పాత మాటలు అందులో ఉండవు, దీని ప్రయోజనం అంతవరకే.

కంప్యూటర్‌లో పెట్టుకునేటప్పుడు

ల్యాప్‌టాప్‌లో సిగ్నల్ డెస్క్‌టాప్ వేసి, ఫోన్లో 'లింక్డ్ డివైసెస్' తెరిచి, ల్యాప్‌టాప్‌లో కనబడే క్యూఆర్ కోడ్ స్కాన్ చేయాలి. అయిదు పరికరాల దాకా కలపొచ్చు. ఆఫీసు ల్యాప్‌టాప్‌లో మాత్రం వద్దు. ఆ మెషీన్ మీది కాదు. అందులో ఏం నడుస్తోందో మీకు తెలియదు.

ఇందులోనే ఒక మోసం ఉంది. 2025 ఫిబ్రవరిలో గూగుల్ భద్రతా బృందం బయటపెట్టింది: రష్యాకు అనుకూలమైన హ్యాకర్లు గ్రూపు ఆహ్వానాల్లా కనబడే క్యూఆర్ కోడ్‌లు పంపి, స్కాన్ చేసినవాళ్ల ఖాతాకి తమ కంప్యూటర్‌ని కలిపేసుకున్నారు. ఆ తర్వాత వచ్చే ప్రతి మెసేజూ వాళ్లకీ ఒక కాపీ. కాబట్టి ఎవరో పంపిన కోడ్ ఏదీ స్కాన్ చేయొద్దు. నెలకోసారి 'లింక్డ్ డివైసెస్' తెరిచి చూడండి. తెలియని పేరుంటే అక్కడే తీసేయొచ్చు. ఇద్దరూ చూడాలి. ఒక్కరి ఫోన్‌కి దొంగ కంప్యూటర్ తగులుకున్నా, ఇద్దరి మాటలూ పోతాయి.

కాల్స్ సంగతి క్లుప్తంగా: ప్రైవసీలో అడ్వాన్స్‌డ్, అందులో 'ఆల్వేస్ రిలే కాల్స్' ఆన్ చేస్తే అవతలి వాళ్లకి మీ ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్‌లో మీ కనెక్షన్ చిరునామా) కనబడదు. నాణ్యత కాస్త తగ్గుతుంది. అక్కాతమ్ముళ్ల మధ్య అవసరం లేదని నేను ఆపే ఉంచాను. గల్ఫ్‌లో ఉన్నవాళ్లతో అయితే కాల్స్ మీద ఆధారపడే ముందు ఒకసారి చేసి చూడండి. యూఏఈ లాంటి చోట్ల ఇంటర్నెట్ కాల్స్ మీద ఆంక్షలున్నాయి.

ఫోన్ మార్చేటప్పుడు

చాట్ అంతా ఫోన్లోనే ఉంటుంది, కంపెనీ దగ్గర ఉండదు. ఫోన్ మునిగితే చాట్ కూడా మునిగినట్టే. కొత్త ఫోన్ కొన్నాక, పాతది పనిచేస్తుండగానే రెండూ పక్కపక్కన పెట్టి సిగ్నల్ చరిత్రని నేరుగా మార్చుకోవచ్చు. ఆండ్రాయిడ్ నుంచి ఆండ్రాయిడ్‌కి, ఐఫోన్ నుంచి ఐఫోన్‌కి. అది పూర్తయ్యాకే పాతదాన్ని ఎక్స్‌చేంజ్‌లో ఇవ్వండి. డెలివరీ కుర్రాడు గుమ్మంలో నిలబడి ఉండగా చేసే పని కాదిది.

ఫోన్ పోవచ్చన్న భయం ఉంటే 2025 సెప్టెంబరులో సిగ్నల్ మొదలుపెట్టిన ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్ ఉంది. ఆన్ చేస్తే 64 అక్షరాల రికవరీ కీ ఇస్తుంది. అది పోతే సిగ్నల్ వాళ్లు కూడా ఏం చేయలేరు. దాన్ని స్క్రీన్‌షాట్ తీసి గ్యాలరీలో పెట్టుకుంటే తాళంచెవి గుమ్మానికే వేలాడదీసినట్టు. నేను కాగితం మీద రాసి, ఇంటి దస్తావేజులు ఉండే బీరువాలో పెట్టాను. బ్యాకప్ అసలు వద్దనుకోవడమూ తప్పేం కాదు, అక్క అలాగే అనుకుంది.

పోయిన నెల అక్క కొత్త ఫోన్ కొంది. పాతదాంట్లోంచి మార్చుకోకుండానే కొత్తగా నమోదు చేసేసింది. చరిత్ర పోయింది, నా చాట్‌లో సేఫ్టీ నంబర్ మారిందని సూచన వచ్చింది. మళ్లీ వీడియో కాల్, మళ్లీ 60 అంకెలు. నేను ఎనిమిదో గుంపు చదువుతుండగా నాన్న వరండాలోంచి పేపర్ మడిచి లోపలికి వచ్చారు. "ఏంట్రా, లాటరీ టికెట్టా?" అన్నారు. "కాదు నాన్నా, నీ రిపోర్టులు పంపుకునే చాట్" అంది అక్క అటునుంచి. "అయితే నాకూ పెట్టండి" అని కుర్చీ లాక్కుని కూర్చున్నారు.